రాజకీయం మాట్లాడేటప్పుడు మాట జారకుండా ఉండాలంటే ఏం చేయాలి

శనివారం రాత్రి పదకొండు దాటాక మా చర్చి సంఘం గ్రూప్‌లో ఒక పెద్దాయన ఒక వీడియో పెట్టారు. నేను ఓటేసిన నాయకుడిని దుమ్మెత్తిపోసే వీడియో. అది పాతదని, మాటలు మధ్యలో కత్తిరించి అతికించారని నాకు తెలుసు. వెంటనే నాలుగు లైన్లు టైప్ చేసి పంపాను. చివరి లైను "ఈ వయసులో కూడా అబద్ధాలు పంచుతారా?" అని. తెల్లారి ఆరాధనలో ప్రభు బల్ల సమయానికి రొట్టె పళ్ళెం పట్టుకుని మా వరసలోకి వచ్చింది ఆయనే. ఆయన చెయ్యి కొద్దిగా వణుకుతోంది. నేను తల వంచుకుని రొట్టె తీసుకున్నాను గానీ ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. వీడియో గురించి నేను చెప్పిన ప్రతి ముక్కా నిజమే. అయినా ఆ రొట్టె గొంతు దిగలేదు.

అప్పటినుంచి నేను నేర్చుకుంటూ వస్తున్నవి ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒకటి చెప్పాలి. "రాజకీయాలు మనకెందుకు, ప్రార్థన చేసుకుందాం" అనేది నా సలహా కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులతో పన్ను గురించి, సైనికులతో జీతం గురించి, గలిలయను ఏలిన హేరోదుతో అతని పాపం గురించి మాట్లాడాడు, చెరసాలకు పోయాడు. యేసు ప్రభువే హేరోదును "ఆ నక్క" అన్నాడు (లూకా 13:32). కాబట్టి మాట్లాడాలి. ఎలా మాట్లాడాలో పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది: మీ సంభాషణ ఉప్పువేసినట్టు రుచిగలదిగాను కృపాసహితముగాను ఉండాలి (4:6). ఉప్పు లేకపోతే చప్పన, ఎక్కువైతే నోట పెట్టుకోలేం. మనలో చాలామందిమి ఈ రెండింటి మధ్యే కొట్టుకుంటున్నాం: గుడి గడప లోపల ఒక్క మాటా ఎత్తం, ఫోన్ చేతిలోకి రాగానే గుప్పెళ్ళతో కుమ్మరిస్తాం.

మొదట: ఫోన్ కింద పెట్టి, ఆ మనిషి పేరు పెట్టి ప్రార్థన చేయండి

ఇది మిగతా అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, అందరం వదిలేసేది కూడా ఇదే. మెసేజ్ చదివి ఒళ్ళు మండిందా? జవాబు టైప్ చేయకముందే ఆ మనిషి పేరు పైకి పలికి ఒక్క నిమిషం ప్రార్థించండి. మనసులో అనుకోవడం కాదు, చెవికి వినిపించేలా. "ప్రభువా, వీడికి బుద్ధి చెప్పు" అనేది ప్రార్థన కాదు, అది కూడా వాదనే, కాకపోతే దేవుడిని మన పార్టీలో చేర్చుకుని చేసే వాదన. ఆయన మోకాళ్ళ నొప్పి గురించి అడగండి, ఆయన కొడుకు ఉద్యోగం గురించి అడగండి, ఆయన రాత్రి నిద్ర గురించి అడగండి. ఆయన గురించి అడగడానికి మీకు ఏమీ తెలియకపోతే, ఆయనతో మీరు రాజకీయం తప్ప ఇంకేం మాట్లాడటం లేదని అర్థం. ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

తరవాత మీకు అసలు పడని నాయకుడి కోసం కూడా చేయండి. రాజుల కొరకు, అధికారులందరి కొరకు విజ్ఞాపనలు చేయమని తిమోతికి రాసిన మాటలో (1 తిమోతి 2:1-2) "మీకు నచ్చిన" అనే షరతు లేదు. పౌలు రోమా సంఘానికి పత్రిక రాసేనాటికి ఆ సంఘం బతుకుతున్నది నీరో చక్రవర్తి ఏలుబడిలో. "మిమ్మును హింసించువారిని దీవించుడి" అని వాళ్ళకే రాశాడు. ఆరోగ్యం, తెలివైన నిర్ణయాలు, చుట్టూ నిజం చెప్పే మనుషులు, ఈ మూడూ ఏ నాయకుడి కోసమైనా నిజాయితీగా అడగొచ్చు. వారం రోజులు ఇలా అడిగి చూడండి. మీ అభిప్రాయం మారకపోవచ్చు, నాది మారలేదు. కానీ ఆ పేరు పలికేటప్పుడు గొంతులో వచ్చే కసి తగ్గుతుంది.

రెండోది: వార్త నిజమా కాదా చూడండి

నిర్గమకాండం 23:1 "లేనివార్తను పుట్టింపకూడదు" అంటుంది. దాని పక్క వచనమే, దుష్కార్యం చేయడానికి గుంపును వెంబడించకూడదు అని. ఫార్వర్డ్ చేసేటప్పుడు మనం చేసే రెండు పాపాలూ పక్కపక్కనే ఉన్నాయి.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. వీడియో అయితే ఎప్పటిదో, ఎక్కడిదో చూడండి. ప్రసంగంలో ఒక ముక్క అయితే ముందు వెనక ఏమన్నారో మొత్తం వెతికి వినండి. మీ పక్షాన్ని మోసే చానెల్ ఒక్కటే చెబుతోందా, అవతలి పక్షం వాళ్ళు కూడా ఒప్పుకుంటున్నారా? వాది మొదట చెప్పినప్పుడు అతని మాటే న్యాయంగా కనిపిస్తుంది, ఎదుటివాడు వచ్చాక సంగతి తేటపడుతుంది అని సామెతలు 18:17 చెప్పేది ఇదే. తేల్చుకోలేకపోతే పంపకండి. "నిజమో కాదో తెలియదు గానీ" అని పైన ఒక లైను రాసి పంపడం మాత్రం వద్దు, అలా పంపితే చదివేవాళ్ళకు ఆ లైను గుర్తుండదు, కింద ఉన్నదే గుర్తుంటుంది.

మీరు పంపిందే తప్పని తేలితే? చప్పుడు చేయకుండా డిలీట్ చేయకండి. పంపిన గ్రూప్‌లోనే "నిన్న నేను పెట్టింది తప్పు, సరిచూసుకోకుండా పెట్టాను, క్షమించండి" అని రాయండి. మా గ్రూప్‌లో ఒక అక్క ఇలా రాసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. ఆమె ఓటు నా ఓటుకు పూర్తిగా వ్యతిరేకం, కానీ ఆ తరవాత ఆమె ఏదైనా పెడితే నేను ఆగి చదువుతాను.

మూడోది: వాళ్ళు "అవును, నేనన్నది అదే" అనేదాకా వినండి

సంగతి వినకముందే జవాబిచ్చేవాడు తన మూఢత్వాన్ని బయటపెట్టుకుంటాడు (సామెతలు 18:13). వినడం అంటే మన వంతు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం అనుకుంటాం. దానికి ఒక పరీక్ష పెట్టుకోండి. మీరు జవాబు చెప్పేముందు అవతలి వాళ్ళ మాటను మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అన్నా, మీ బాధ ఏంటంటే ఈ చట్టం వస్తే చిన్న వ్యాపారాలు నిలబడవని, అంతేనా?" ఆయన "అంతే" అంటేనే ముందుకు వెళ్ళండి. "కాదు" అంటే మళ్ళీ అడగండి. చాలాసార్లు వాదన ఇక్కడే సగం చల్లారిపోతుంది, ఎందుకంటే చాలామంది గొంతు పెంచేది ఎవరూ వినడం లేదనే.

ఇంకో ప్రశ్న కూడా అలవాటు చేసుకోండి: "మీకు ఇలా ఎప్పటినుంచి అనిపిస్తోంది?" ఈ ప్రశ్నకు జవాబుగా సిద్ధాంతం రాదు, ఒక కథ వస్తుంది. ఉద్యోగం పోయిన ఏడాది, ఆసుపత్రి బిల్లు, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి పింఛను రాకుండానే పోయిన తల్లి. మీరు పార్టీ మీద గెలవాలనుకుంటున్నారు, ఆయన తన తల్లి గురించి మాట్లాడుతున్నారు. అది తెలియకుండా విసిరిన గణాంకం ఆమె మీదకే పోయి తగులుతుంది.

1529లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞకు వివరణ ఉంది. పొరుగువాడి మీద అబద్ధం చెప్పకపోతే సరిపోదు, అతని తరఫున మాట్లాడాలి, అతను చేసిన దానికి వీలైనంత మంచి అర్థం తీయాలి అని దాని సారాంశం. లూథర్ స్వయంగా ఎంత కటువుగా రాసేవాడో ఆయన రాతలు చదివినవాళ్ళకు తెలుసు. అయినా ఆ వివరణ సరైనదే, మనం దాన్నే పట్టుకుందాం.

నాలుగోది: వాక్యం ఏది, మన అభిప్రాయం ఏది, విడదీయండి

ఒక కాగితం తీసుకుని ఏదో ఒక విషయం మీద మీరు నమ్మేవన్నీ రాయండి. పక్కన గుర్తు పెట్టండి. కొన్ని లేఖనం సూటిగా చెప్పినవి: బీదవాడిని పీడించకూడదు, లంచం తీసుకోకూడదు, పరదేశిని బాధపెట్టకూడదు, అబద్ధమాడకూడదు. వీటిలో బేరం లేదు. కొన్ని వాటినుంచి మనం ఆలోచించి తేల్చుకున్నవి: ఏ పథకం బీదవాడికి నిజంగా మేలు చేస్తుంది, పన్ను ఎంత ఉండాలి, ఏ చట్టం ముందు రావాలి. ఒకే వాక్యాన్ని ఒకేలా ప్రేమించే ఇద్దరు ఇక్కడ వేరువేరు చోట్లకు చేరగలరు. ఇంకొన్ని ఒట్టి అభిమానం. మా నాన్న ఆ పార్టీ, నేనూ ఆ పార్టీ.

గొడవలు వచ్చేది రెండో రకాన్ని, మూడో రకాన్ని మొదటి రకంలా మాట్లాడినప్పుడు. "బైబిల్ ప్రకారం ఇదే" అనే మాటను మొదటి రకానికే దాచిపెట్టుకోండి. మిగతావాటికి "నాకు ఇలా అనిపిస్తోంది, ఇదీ కారణం" అనండి. వచనం తీసి కర్రలా వాడితే ఎదుటివాళ్ళు మీ అభిప్రాయాన్ని ఒక్కదాన్నే కాదు, ఆ వచనాన్ని కూడా తోసేస్తారు, ఆ నష్టం మీ వాదనకంటే చాలా పెద్దది.

పన్నెండుమంది శిష్యుల్లో సుంకరియైన మత్తయి ఉన్నాడు, జెలోతే అనబడిన సీమోను ఉన్నాడు. ఒకడు జనం అసహ్యించుకున్న పన్ను వసూలు పనిలోనుంచి వచ్చాడు. రెండోవాడి పేరుకు అర్థం ఆసక్తిపరుడు, తరవాతి కాలంలో రోమా మీద తిరగబడిన వాళ్ళకు వచ్చిన పేరు అదే. ఆ ఇద్దరూ ఒకే పడవ ఎక్కారు, ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ళిద్దరి మధ్య పన్నుల సంగతి ఎలా తేలిందో సువార్తల్లో ఎక్కడా లేదు. కైసరుకు, అంటే రోమా చక్రవర్తికి, పన్ను ఇవ్వవచ్చా అని అడిగిన రోజు యేసు చెప్పిన "కైసరువి కైసరుకు, దేవునివి దేవునికి" అనే జవాబును ఆ ఇద్దరూ ఎలా విన్నారో అని నేను చాలాసార్లు ఆలోచిస్తాను.

ఐదోది: కొన్ని మాటలు నోట్లోంచి తీసేయండి

మత్తయి 5:22 మన తెలుగు బైబిల్లో ఒకసారి తెరిచి చదవండి. సహోదరుడిని చూసి "వ్యర్థుడా" అనకూడదు, "ద్రోహీ" అనకూడదు. ద్రోహి! రోజూ పొద్దున లేస్తే రాజకీయ చర్చల్లో మనం వినేదీ, కొందరం వాడేదీ అదే మాట. ప్రభువు దాని పక్కన నరకాగ్ని అని పెట్టాడు. చిన్న విషయంలా చూడలేదు.

"ద్రోహి", "అమ్ముడుపోయాడు", "భక్తులు", "బానిసలు", జంతువుల పేర్లు, కులం పేరో మతం పేరో తిట్టులా వాడటం, నాయకుల పేర్లను వంకర చేసి పలకడం, ఇవన్నీ ఆపేయండి. "మీవాళ్ళు" అనేది చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ అది ఎదురుగా ఉన్న మనిషిని గుంపులోకి తోసేస్తుంది, ఆ తరవాత ఆయన ఆ గుంపు చేసిన ప్రతిదానికీ జవాబు చెప్పుకోవాలి. "ఎప్పుడూ", "అందరూ", "ఒక్కరు కూడా" అనేవి కూడా దాదాపు అబద్ధాలే.

మనిషిని వదిలి పనిని పట్టుకుంటే మాట ఎలా మారుతుందో చూడండి. "మీ నాయకుడు దొంగ, మీకు సిగ్గు లేదు" అనే బదులు, "ఆ కాంట్రాక్టు టెండర్ లేకుండా ఇచ్చారని చదివాను. అది నిజమైతే నాకు చాలా తప్పనిపిస్తోంది. మీరేమంటారు?" రెండో మాట మెత్తనిది కాదు, మొదటిదానికంటే గట్టిదే, ఎందుకంటే మొదటిదానికి తిట్టుతో జవాబిచ్చి తప్పించుకోవచ్చు, రెండోదానికి నిజంగా జవాబు చెప్పాలి. ఇంకొకడి భార్యను తీసుకుని అతన్ని చంపించిన దావీదు రాజు దగ్గరికి ప్రవక్త నాతాను వెళ్ళినప్పుడు, ముందు బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనికుడి కథ చెప్పాడు, రాజు తన నోటితోనే తీర్పు చెప్పాక "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు.

ఆరోది: గ్రూప్‌లోంచి బయటికి రండి

నీ సహోదరుడు తప్పు చేస్తే నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు (మత్తయి 18:15). రెండువందలమంది చూస్తుండగా ఎవరూ మనసు మార్చుకోరు, పరువు కాపాడుకుంటారు. కాబట్టి గ్రూప్‌లో మూడో జవాబు దాకా వెళ్ళిందంటే ఆపి, ఫోన్ చేయండి. "బాబాయ్, ఇందాక గ్రూప్‌లో మాట్లాడుకున్నది నాకు సరిగా అర్థం కాలేదు, ఒక పది నిమిషాలు మాట్లాడొచ్చా?" చాలు. కలిసి కూర్చోగలిగితే ఇంకా మంచిది. గొంతు, కళ్ళు, మధ్యలో వచ్చే మౌనం, ఇవేవీ టైప్ చేయలేం.

మీరు అడ్మిన్ అయితే ఒక పని: ప్రార్థన గ్రూప్‌ను ప్రార్థనకే ఉంచండి, ఈ నియమం మీకు నచ్చిన పార్టీ పోస్టులకు కూడా వర్తించాలి. పాస్టర్ గారు మీ వైపే ఉన్నారని మీకు తెలిసినా ఆయన్ని ఈ వాదనలోకి లాగకండి.

మెత్తదనం మౌనం కాకూడని చోటు

ఇది దశల్లో ఇమడదు, కానీ ఇది చెప్పకపోతే పైన రాసిందంతా తప్పుగా అర్థమవుతుంది. కొన్ని గొడవలు పన్ను రేటు గురించి కావు. ఎవరో ఒక మనిషిని, ఒక కులాన్ని, ఒక మతం వాళ్ళని మనుషులే కాదన్నట్టు మాట్లాడుతుంటే, దెబ్బలు తిన్నవాళ్ళని చూసి నవ్వుతుంటే, అక్కడ "సమాధానంగా ఉందాం బ్రదర్" అనడం కృప కాదు. "మూగవారికిని దిక్కులేనివారికందరికిని" నోరు తెరవమని సామెతలు 31:8 ఉంది. అలాగే దెబ్బ తిన్న మనిషి కోపంగా మాట్లాడితే ముందు ఆయన టోన్ సరిదిద్దడానికి వెళ్ళకండి. కీర్తనల్లో ఎంత కోపం ఉందో, దేవుడు దాన్ని తన గ్రంథంలోనుంచి తీసేయలేదు. ముందు దెబ్బ గురించి అడగండి.

అలాంటి చోట మాట్లాడేటప్పుడు కూడా వాక్యం చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి: "అలా అనకండి. వాళ్ళూ దేవుని పోలికలో పుట్టినవాళ్ళే. నేను దీన్ని ఒప్పుకోను." అంతే. తండ్రియైన దేవుణ్ణి స్తుతించే నాలుకతోనే ఆయన పోలికలో ఉన్న మనుషుల్ని శపిస్తున్నామని యాకోబు 3:9 బాధపడుతుంది. మీరు గద్దిస్తున్న ఆ మనిషి కూడా ఆ పోలికలోనే ఉన్నాడని గుర్తుంటే గొంతు దానంతటదే సర్దుకుంటుంది.

ఏడోది: ఎప్పుడు ఆపాలో తెలుసుకోండి

సామెతలు 26:4 మూర్ఖుడికి వాని మూర్ఖత్వం చొప్పున జవాబివ్వొద్దంటుంది, 26:5 ఇవ్వమంటుంది. పక్కపక్క వచనాలు. ఏ రోజు ఏది అనేది మీరే చూసుకోవాలి. నాకు పనికొచ్చిన గుర్తు: అదే మాట మూడోసారి వేరే పదాల్లో చెబుతున్నానంటే ఆపాలి. రాత్రి పదయ్యాక జవాబివ్వకూడదు. హేరోదును నక్క అన్న ప్రభువే తరవాత అదే హేరోదు ఎదుట నిలబడినప్పుడు, అతను చాలా ప్రశ్నలు అడిగినా ఒక్క మాట కూడా మాట్లాడలేదు (లూకా 23:9).

ఆపేటప్పుడు తలుపు వేసినట్టు ఆపకండి. "మనిద్దరం దీనిమీద ఒప్పుకునేలా లేం. మీరంటే నాకున్న గౌరవం తగ్గలేదు. ఇంతటితో ఆపుదాం" అనండి, అన్నాక నిజంగా ఆపండి. స్టేటస్‌లో పరోక్షంగా పెట్టడం ఆపడం కాదు.

జారిపోతే

జారుతారు. పౌలు కూడా జారాడు. మహాసభలో తనను కొట్టమన్న వాణ్ణి "సున్నము కొట్టిన గోడా" అన్నాడు. ఆయన ప్రధానయాజకుడని పక్కనున్నవాళ్ళు చెప్పగానే, తెలియక అన్నాను, ప్రజల అధికారిని నిందించకూడదని రాసి ఉంది అన్నాడు (అపొస్తలుల కార్యములు 23). అన్యాయంగా దెబ్బ తిన్నది పౌలే. అయినా తన మాట తను సరిదిద్దుకున్నాడు, అందరి ముందే.

క్షమాపణలో "కానీ" ఉండకూడదు. "నేనలా అనకూడదు, కానీ మీరు కూడా..." అన్నామంటే వాదన మళ్ళీ మొదలైనట్టే. ఏ మాట అన్నారో అదే మాట పలకండి, తప్పని చెప్పండి, ఆగండి. అందరి ముందు అంటే అందరి ముందే అడగండి.

ఆ పెద్దాయన దగ్గరికి నేను వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దుతుంటే వెళ్ళి, "వయసు గురించి నేనన్న మాట తప్పు. క్షమించండి" అన్నాను. వీడియో సంగతి ఎత్తలేదు, ఎత్తాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన చేతిలో కుర్చీ కింద పెట్టి, "ఆ వీడియో మా తమ్ముడు పంపాడు బాబూ. వాడు చూసింది చూసినట్టు పంపుతాడు, నేనూ చూడకుండా పంపాను" అన్నారు. ఆ సాయంత్రం గ్రూప్‌లో కూడా ఒక లైను రాశాను. ఆయన ఓటు మారలేదు, నాదీ మారలేదు. ఇప్పుడు ఏదైనా అనుమానం వస్తే పంపేముందు నాకు ఫోన్ చేసి "ఇది నిజమేనా చూడు" అంటున్నారు, రెండుసార్లు ఆయన అనుమానమే కరెక్టయ్యింది, నేను నమ్మిందే తప్పు.

ఎన్నికల వారం

ఆ వారానికి విడిగా సిద్ధపడండి. 1774 అక్టోబరు 6న మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ తన సమాజంలో ఓటు హక్కున్నవాళ్ళను కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పినట్టు తన దినచర్యలో రాసుకున్నాడు. ఏ డబ్బూ ప్రతిఫలమూ తీసుకోకుండా తగినవాడనిపించిన మనిషికి ఓటు వేయాలి. మీరు ఓటు వేయని అభ్యర్థి గురించి చెడు మాట్లాడకూడదు. అవతలి వైపు ఓటు వేసినవాళ్ళ మీద మీ మనసు పదును పెట్టుకోకూడదు. మూడోది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అది ఎవరికీ కనిపించదు.

ఫలితాల రోజు మీవాళ్ళు గెలిస్తే ఆ రాత్రి ఏమీ పోస్ట్ చేయకండి. ఓడిపోతే కూడా. ఓడిన వైపు ఉన్న ఒక్క మనిషికి ఫోన్ చేసి, ఎన్నికల మాట ఎత్తకుండా, వాళ్ళ అమ్మ ఆరోగ్యం ఎలా ఉందో అడగండి.